తెలుగు పదమును నిలిపిన వీణ ధనమ్మాళ్

తిరుమల కొండపై సంకీర్తన భాండారమున దొరకిన రాగిరేకులను గూర్చి మన ప్రాంతమున విననివారుండరు. తాళ్ళపాక కవుల సంకీర్తనములు వేలకొలది ఆ రేకులపై చెక్కబడి, మూడు శతాబ్దములకు పైగా చీకటిలో నుండి, ఇరువదవ శతాబ్ది తొలిభాగమున వెలుగు చూచెను. రేకుపై పాట కలదు. పాట తలపై రాగము పేరును కలదు. కాని ఆ రాగమున ఆ పాట ఎట్లు నడచెనో పాడి వినిపింపగలవారు మాత్రము లేకపోయిరి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) మొదలగు విద్వాంసులు వానికి స్వరములను క్రొత్తగా కూర్పవలసి వచ్చెను. రాగి మాటను కాచినది కాని నాదమును కాచలేకపోయినది.

క్షేత్రయ్య పదముల కథ దీనికి సరిగా తలక్రిందైనది. ఆ పదములను ఏ రాజును రేకులపై చెక్కింపలేదు. తాటియాకులపై కొన్ని, నోటిమీద కొన్నిగా అవి చెదరిపోయెను. ఆయన వేలకొలది పదములు చెప్పెనని ప్రతీతి. మనకు మిగిలినవి కొన్ని వందలు మాత్రమే. ఐనను ఆ మిగిలిన వానిలో కొన్ని నేటికిని తమ రాగముతో, తమ నడకతో, తమ విరుపులతో వినబడుచున్నవి. పుస్తకము చేయజాలని ఆ పనిని కొన్ని గొంతులు చేసెను. ఆ గొంతులలో మిక్కిలి మెత్తనిది, మిక్కిలి గట్టిది వీణ ధనమ్మాళ్ది. ఆమె తెలుగు దేశమున పుట్టలేదు. ఆమె పాట విని పరవశులైన వారిలో పెక్కురు తెలుగువారు కారు. మన పాట మన ఇల్లు విడిచి పొరుగింట బ్రదికిన ఈ వృత్తాంతము మన విద్యార్థులు తెలిసికొనదగినదని తలచి ఆమె చరిత్రను ఇచట చెప్పబూనితిని.

క్షేత్రయ్య పదునేడవ శతాబ్దివాడు. కృష్ణా మండలమున కూచిపూడికి చేరువనున్న మువ్వ గ్రామపు గోపాలుని ముద్రతో ఆయన పదములు రచించెను. మధుర తిరుమల నాయకుని కొలువును, గోలకొండ పాదుషా ప్రాపును చూచి, తంజావూరిలో విజయరాఘవ నాయకుని (1633–1673) ఆదరమును పొందెను. తంజావూరు తమిళ దేశమునకు నట్టనడుమ నున్న పట్టణము. ఐనను ఆ కొలువున కవిత్వపు భాష తెలుగు. నాయకుల తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులును ఆ మర్యాదను చెరుపలేదు. ఆ ఆస్థానమున ఆటపాటలు కులవిద్యగా గల స్త్రీలు ఈ పదములను నేర్చిరి, కూతులకు నేర్పిరి, కూతులు తమ కూతులకు నేర్పిరి. రాజ్యములు మారెను, కొలువులు చిన్నబోయెను, పదము మాత్రము తల్లినుండి బిడ్డకు సాగెను.

ధనమ్మాళ్ పుట్టినది అట్టి వంశమున. పూర్వీకురాలగు పాపమ్మాళ్ తంజావూరు ఆస్థానమునకు చెందినది. అమ్మమ్మ కామాక్షి నాట్యమున పేరుగన్నది. సంస్థానపు వెలుగు తగ్గుకొలది కళావంతులొకరొకరుగా చెన్నపట్టణమునకు చేరుచుండిరి; 1855లో కడపటి రాజు మరణించిన పిదప తంజావూరు ఇంగ్లీషువారి వశమే అయ్యెను. కామాక్షి కుటుంబమును చెన్నపురినే ఇల్లు చేసికొనెను. ఆమె కూతురు సుందరమ్మాళ్, శ్యామశాస్త్రి కుమారుడగు సుబ్బరాయశాస్త్రి వద్ద సంగీతము నేర్చినది. ఈ సుందరమ్మాళ్ కూతురే ధనము. 1867లో చెన్నపట్టణపు జార్జిటౌనులో జన్మించెను. నాటి జార్జిటౌను తెలుగువారిదో తమిళులదో తేల్చి చెప్పుట కష్టము. వర్తకులు, దుబాసీలు, సెట్లు, మొదలియార్లు అందరును కలసి సంగీతమును పోషించుచుండిరి. ఒకే వీధిలో రెండు భాషలు వినబడెడి ఆ పేటలో తెలుగు పాట పరాయిది కాదు.

చదువు అమ్మమ్మ ఒడిలోను తల్లి ప్రక్కనను మొదలయ్యెను. శ్యామశాస్త్రి కుటుంబపు కృతులు అట్లు ఇంటనే లభించెను. సాత్తనూరు పంచనదయ్యరు వద్ద ముత్తుస్వామి దీక్షితుల కృతులను ఆమె అభ్యసించెను. పంచనదయ్యరు దీక్షితుల శిష్యుడగు తంబియప్ప పిళ్ళకు శిష్యుడు. అనగా సంగీత త్రిమూర్తులలో ఇద్దరి పాట ఒకటి రెండు తరముల దూరమునుండియే ఆమె చెవిని బడినది. వీణ చేతికి వచ్చిన నాటినుండి ఆ వాద్యము ఆమె పేరులో చేరిపోయెను.

పదములు మాత్రము ఆమెకు రెండు త్రోవల వచ్చెను. ఒకటి ఇంటి త్రోవ. రెండవది వాలాజాపేట బాలకృష్ణదాసు నాయుడు. జనులాయనను బాలదాసు నాయుడందురు. ఆయన అంధుడు. క్షేత్రయ్య పదములు వందలకొలది ఆయనకు కంఠస్థములు. ఈ గురుశిష్య సంబంధమును నేను పలుమారు తలచుకొందును. పుస్తకము తెరచి చూచుకొను వసతి లేని గురువు శిష్యురాలికిని పుస్తకము చూపి నేర్పజాలడు. తాను పాడవలెను, ఆమె విని పాడవలెను, తప్పిన చోట మరల పాడవలెను. అక్షరము నడుమ లేదు. ఒకరి ఊపిరి మరొకరి ఊపిరిగా మారుట తప్ప వేరు మార్గము లేదు. పదము యొక్క గమకములు, ఒక అక్షరమును సాగదీసి మరొకదానిని జారవిడుచు ఒడుపు, ఏ లిపికిని లొంగనివి. గురువు కన్నులు లేనివాడగుట ఆ విద్యకు లోపము కాక బలమే అయ్యెనేమో యనిపించును.

వాలాజాపేట నాటి ఉత్తర ఆర్కాటు జిల్లాలోని ఊరు. త్యాగరాజస్వామి శిష్యుడగు వేంకటరమణ భాగవతులు వెలసినదియు అచటనే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడు వరకు మన పుత్తూరు, వడమాలపేట, కార్వేటినగరము సీమయు ఆ ఉత్తర ఆర్కాటు లోనిదే. కావున ధనమ్మాళ్ పదములకు మూలములలో ఒకటి మనకు దూరపు చుట్టము కాదు, పెరటి పొరుగు.

పదమనగా నేమో ఇచట కొంత చెప్పక తప్పదు. మన తరగతులలో క్షేత్రయ్యను గూర్చి నాలుగు పంక్తులు చెప్పి, శతాబ్దియు ముద్రయు వ్రాయించి ముగించుచున్నాము. పరీక్షలో విద్యార్థి ఆ నాలుగు పంక్తులను చక్కగానే వ్రాయును. పదము వినుట మాత్రము వానికి తటస్థింపదు. పదము కంటికి చిన్నది. పల్లవి, అనుపల్లవి, రెండు మూడు చరణములు. పెక్కు పదములను అనుపల్లవితో ఎత్తుకొని పల్లవికి వచ్చుట సంప్రదాయము. మాటలాడునది ప్రాయికముగా నాయిక. వినువారు సకియో, నాయకుడో. ఆ నాయకుడు దేవుడే ఐనను ఆమె కోపమునకు అది అడ్డురాదు.

రాత్రియంతయు ఎదురుచూచిన యువతి యొకతె ప్రొద్దుపొడిచిన పిమ్మట వచ్చిన ప్రియుని చూచినదనుకొందము. ఆమె తిట్టదు. కుశలమడుగును, కూర్చుండుమనును. ఆ మర్యాదలో కోపమెంత, ఎత్తిపొడుపెంత, ఇంకను చావని మమకారమెంత? ఇది మాటలో లేదు. ఆ మాటను పాడు తీరులో కలదు. అదే పంక్తిని మొదటిసారి పాడినపుడు అభిమానము, రెండవసారి అలసట, మూడవసారి తనపై తనకే కలిగిన జాలి తోపవలెను. స్వరకల్పనకు పదమున చోటు లేదు. తాళపు లెక్కలతో సభను ఉర్రూతలూపుటకును చోటు లేదు. నడక మిక్కిలి చౌకము. పాడువారికి దాగుకొనుటకు చెట్టు చాటు కూడ లేని బయలువంటిది పదము. గొప్ప విద్వాంసులు సైతము పదమును పాడుటకు జంకిరనుటలో ఆశ్చర్యము లేదు.

ధనమ్మాళ్ ఆ బయలున కూర్చుండెను. ఆమెకు పాట వేరు, వీణ వేరు కాదు. వీణ వాయించుచు దానితో గొంతు కలిపి పాడుచుండెను. వైణికులు వ్రేళ్ళకు మీటులు తొడుగుట వాడుక. ఆమె మీటు తొడుగక వట్టి వ్రేళ్ళతో తంత్రిని తాకెడిది. మీటు తగిలిన తంత్రి గణగణ మ్రోగును. వట్టి వ్రేలు తగిలిన తంత్రి పలుకును. ఆ నాదము పెద్దది కాదు. దగ్గర కూర్చున్నవారికే అది పూర్తిగా వినబడెడిది. వినదలచినవారు చెంతకు జరుగవలసినదే; ఆమె వినిపించుటకై గట్టిగా మీటదు.

ఆమె శుక్రవారపు సాయంకాలపు గోష్ఠులు చెన్నపురిలో ఒక ఆచారముగా మారెను. అది సభ కాదు; టిక్కెట్టులు లేవు; పందిళ్ళు లేవు. ఆమె ఇంట, ఆమె ఎదుట, రసికులు కొందరు చేరి కూర్చుండెడివారు. అచటి ప్రధాన నియమము నిశ్శబ్దము. బాగు బాగనుట, చప్పట్లు చరచుట ఆమెకు రుచింపవు. నాటి కచ్చేరీలలో శ్రోతలు తలలూపుచు, తొడలపై తాళము వేయుచు, కేకలు వేసి మెచ్చుకొనుట మామూలు. అట్టి శ్రోతలే ఈ యింట అడుగిడి ఊపిరి బిగబట్టి కూర్చుండిరి. మెచ్చుకోలును నోటికి రానీయక లోపలనే దాచుకొనుట ఎంతటి సాధనమో సంగీతము వినువారికి తెలియును. ఆ గోష్ఠులలో కూర్చున్నవారు తరువాత ఎన్ని యేండ్లకైనను ఆ సాయంకాలములను చెప్పుకొనుచునే యుండిరి. ఒకరికి వరాళి గుర్తు, ఒకరికి బేగడ, మరొకరికి ముఖారిలో ఒక జారు. పాటలోని మాట మరచినను ఆ జారు మరపునకు రాలేదు.

వినవచ్చినవారిలో ఉద్యోగులు, న్యాయవాదులు, వర్తకులు ఉండిరి. వారికంటె ముఖ్యముగా సంగీత విద్వాంసులుండిరి. వేలమంది ఎదుట పాడి పేరందినవారు ఈమె యెదుట శిష్యులవలె కూర్చుండిరి. కాంచీపురము నైనా పిళ్ళ (1889–1934) లయలో సింహమని పేరుపడినవాడు. ఆయన ఆ కుటుంబమునెడ గాఢమైన గౌరవము చూపి, ధనమ్మాళ్ మనుమరాండ్రకు గురువయ్యెను. హిందుస్తానీ గాయకుడు అబ్దుల్ కరీం ఖాన్ (1872–1937) దక్షిణమునకు వచ్చినపుడు ఆమె సంగీతమును విని మెచ్చెనని చెప్పుదురు. ధర్మపురి సుబ్బరాయరు తన తెలుగు జావళీలను ఆ ఇంటికి తెచ్చెను. ఆమె నోట పడిన జావళికి ప్రాణము వచ్చెనని నాటివారి మాట. వానిలో ఒకదానిని ఆమెను ఉద్దేశించియే రచించెనను కథయు ప్రచారమున నున్నది. కథ నిజమైనను కాకున్నను, జావళివంటి చులకని రచనకు ఆమె గౌరవము తెచ్చెననుట నిజము.

వీరిలో తెలుగు బాగుగా తెలిసినవారెందరు? కొందరికి ఇంటి భాష తెలుగే. పెక్కురికి మాత్రము పాటలలోని తెలుగు తప్ప వేరు తెలుగు లేదు. ఐనను వారు పదమున తన్మయులైరి. మనవారు దీనిని చెప్పుకొని గర్వించుట వాడుక: మన భాష తీయనిది కావున అందరును మెచ్చిరని. నాకిది సగము మాత్రమే నిజమనిపించును. ఆ తీపిని నాలుకపై పెట్టినది ధనమ్మాళ్. పదమున ప్రతి అచ్చునకును నిడివి తెలిసి, ఎచట మాట విరుగవలెనో ఎచట కలియవలెనో ఎరిగి పాడినందుననే, భాష రానివానికిని నాయిక కోపము చేరినది. మాటల అర్థము చెప్పించుకొని వచ్చిన శ్రోతలును ఉండిరి. చెప్పించుకొనక ముందే కంట నీరు పెట్టుకొన్న శ్రోతలును ఉండిరి.

ఇట్టిది మన దేశమునకే చెల్లినది కాదు. ఉత్తర సముద్రములలో ఐస్లాండు అను మంచు ద్వీపమున రీముర్ అను దీర్ఘగేయములు శతాబ్దములుగా నడచుచున్నవి. చలికాలపు దీర్ఘరాత్రులందు ఇంటివారందరు ఒకే గదిలో చేరి ఉన్ని పనులు చేయుచుండగా ఒకరు వానిని రాగయుక్తముగా చదివెడివారు. జనులు పల్లెలు విడిచి పట్టణము చేరుటతో ఆ పాట సన్నగిల్లెను. 1929లో రేక్యవిక్ నగరమున కొందరు ఇదున్ అను సంఘముగా ఏర్పడి, 1930లలో ఆ పాటల బాణీలను రెండువందల వరకు ధ్వనిఫలకములపై ఎక్కించిరి. నేడు గాయకులు ఆ పాతపాటలను పాడగా, ఆ భాష ఒక్క మాటయు తెలియనివారు కదలక కూర్చుండి విందురు. చెన్నపురిలో సంగీత విద్వత్సభ 1928లో వెలసినది. లోకమునకు రెండు చివరలనున్న జనులు ఇంచుమించు ఒకే కాలమున తమ పాట జారిపోవుచున్నదని ఉలికిపడుట వింతగా లేదా?

మన ఊళ్ళ మాట. వడమాలపేట నుండి చెన్నపట్టణపు బాటను పుత్తూరు వరకు పోయి పడమరకు మరలినచో కార్వేటినగరము. అచట మాకరాజు వంశపు ప్రభువుల యేలుబడిలో సారంగపాణి అను పదకర్త యుండెను. వేణుగోపాలుడు ఆయన ముద్ర. క్షేత్రయ్య నాయిక నాగరికురాలు, మాటను చెక్కి పలుకునది. సారంగపాణి పాత్రలు మన సంతలోను మన నూతిగట్టుననుగూడ కనబడువారు. వారి నోట మన సీమ నుడికారము, దెప్పుళ్ళు, సామెతలు, గయ్యాళితనము అన్నియు ఉన్నట్టున్నట్లుగా వచ్చును. పండితులు ఆయనను తగినంతగా పట్టించుకొనలేదని నా అభిప్రాయము. ఆ సారంగపాణి పదములు ఏ పీఠమున నిలిచెనందురు? ధనమ్మాళ్ కుటుంబపు పాటల సంపుటిలో. ఆమె మనుమరాండ్రు ఆ పదములను సహాన మొదలగు రాగములలో పాడగా చెన్నపురి శ్రోతలు చిరునవ్వుతో వినుచుండిరి. కార్వేటినగరపు కోనేటిగట్టున పుట్టిన మాట జార్జిటౌనులో బ్రదికి, కార్వేటినగరమున మరపున పడినది.

ఇది ఇట్లగుటకు కారణము కలదు. దానిని చెప్పక దాటుట న్యాయము కాదు. ధనమ్మాళ్ దేవదాసీ కులమున పుట్టినది. ఆమె యౌవనముననే, 1890ల ప్రాంతమున, చెన్నరాజధానిలో భోగము మేళముల బహిష్కారోద్యమము తలయెత్తెను. 1893లో సంస్కర్తలు వైస్రాయికిని గవర్నరుకును విజ్ఞాపనములంపిరి. తెలుగునాట ఆ ఉద్యమమునకు ముందు నిలిచినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఆయన పోరాడినది స్త్రీని అంగడి వస్తువుగా చేయు దురాచారముతో. ఆ పోరాటము న్యాయమైనది. కాని ఆ దురాచారముతోపాటు ఆ స్త్రీల విద్యయు త్రోసివేయబడెను. పదము పాడుట, వినుట, అచ్చువేయుట సిగ్గుచేటను భావము మన మర్యాదస్థుల ఇండ్లలో నాటుకొనెను. ముద్దుపళని రాధికా సాంత్వనమును వీరేశలింగముగారు నిందింపగా, బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని పూర్ణముగా అచ్చువేయించి, స్త్రీ వ్రాసినది మాత్రమే దోషమెట్లగునని నిలదీసినది. నాగరత్నమ్మ వాదించినది. ధనమ్మాళ్ వాదింపలేదు; పాడెను. 1947లో దేవదాసీ అంకిత నిషేధ శాసనము వచ్చునాటికి ధనమ్మాళ్ లేదు.

వీరేశలింగముగారిని తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. వారి కృషిలేనిచో మన ఆడపిల్లల బడులే లేవు. ఐనను ఒకే కాలమున రెండు మంచిపనులు ఒకదానికొకటి అడ్డువచ్చుట చరిత్రలో కలదనియు, అపుడు నష్టపడినది నోరులేనిదనియు మనమెరుగవలెను. ఇచట ఆ నోరులేనిది పాట. తెలుగు దేశమున మేళములు మూతపడినపుడు వారితో ఎన్ని పదముల బాణీలు కాటికి పోయెనో లెక్కించినవారు లేరు.

ఇంతటి గౌరవము పొందిన ఆమె జీవితము సుఖముగా సాగినదని తలచినచో పొరపాటు. మెచ్చినవారందరు పోషించినవారు కారు. సంపాదనకు తగిన మెలకువ ఆ ఇంట లేదు. ఔదార్యము మాత్రము తగ్గలేదు. అప్పులు పెరిగెను. కడపటి కాలమున కన్నులు క్రమముగా చూపు కోల్పోయెను. అంధగురువు వద్ద పదములు నేర్చిన శిష్యురాలు తానును చీకటిలోనే వీణ మీటవలసి వచ్చెను. వీణకు మెట్లు చూడనక్కరలేదు; వ్రేళ్ళకు అవి తెలియును. శుక్రవారపు గోష్ఠులు మాత్రము సాగుచునే యుండెను.

1930లలో కొలంబియా కంపెనీవారు ఆమె వీణను గ్రామఫోను ఫలకములకు ఎక్కించిరి. అప్పటికి ఆమె అరువదియేండ్లు దాటిన వృద్ధురాలు. నాటి ఫలకమునకు ఒక ప్రక్క మూడు నిమిషములు మాత్రమే. తీరికగా విప్పుకొనవలసిన రాగమును అంతలో ముడిచి పెట్టుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. ఐనను ఆ కొద్ది నిమిషములను నేడు వినినచో, ఆ వాద్యము తొందరపడినట్లు ఎచటను తోపదు. గీత గీత మధ్య గరగర, ఆ వెనుక ఒక మెత్తని నాదము. అలవాటులేని చెవికి మొదట ఏమియు పట్టదు. రెండవసారి వినినపుడు కొంత తెలియును. విద్యార్థులకు నేను చెప్పునదొకటే: ఆ ధ్వనిముద్రణములు నేడు వెదకినచో దొరకును, దీపము తగ్గించి, మాటలు మాని వినవలెను.

1938 అక్టోబరు 15వ తేదీన ఆమె కన్నుమూసెను. బిరుదుల జాబితా ఆమెకు లేదు. వీణ అను ఒక్క మాటయే ఆమె పేరునకు ముందు నిలిచెను. 2010లో భారత తపాలాశాఖ ఆమె పేర ఒక బిళ్ళను వెలువరించెను.

ఆమె విడిచిపోయిన ధనము కూతులకు మనుమలకు సంక్రమించెను. రాజలక్ష్మి, లక్ష్మీరత్నము, జయమ్మాళ్, కామాక్షి ఆమె కూతులు. కామాక్షి బిడ్డలు బృంద (1912–1996), ముక్త (1914–2007) జంటగా పాడి పదమునకు తామే పీఠమైరి. బృందకు 1976లో సంగీత కళానిధి బిరుదము వచ్చెను. బృంద వద్ద కూర్చుండి పదములు నేర్చినవారిలో అప్పటికే దేశప్రసిద్ధుడైన సెమ్మంగుడి శ్రీనివాసయ్యరు ఒకడు. పేరుగన్న పెద్ద విద్వాంసుడు తనకంటె చిన్నదగు స్త్రీ వద్ద మరల శిష్యుడగుట ఆయనకును గౌరవమే, పదమునకును గౌరవమే. తెలుగునాట విస్సా అప్పారావుగారు క్షేత్రయ్య పదములను సేకరించి ప్రకటించిరి. ఆ గ్రంథము చేతబట్టుకొని పాడుదమనుకొన్నవారికి రాగతాళముల పేర్లు దొరకును, పాట దొరకదు. దానికై మరల ఆ కుటుంబపు గుమ్మము తట్టవలసినదే. వీరు పాడినది క్షేత్రయ్య పాడిన బాణీయే యని ప్రమాణము చేయుటకు వీలులేదు. మూడువందల యేండ్లలో ప్రతి గొంతు కొంత కలిపియుండును, కొంత విడిచియుండును. ఐనను తెగని దారము తెగని దారమే.

జయమ్మాళ్ కూతురు బాలసరస్వతి (1918–1984). ధనమ్మాళ్ నర్తకి కాదు. ఆమె తల్లియు గాయకురాలే. అమ్మమ్మ కామాక్షి తరువాత ఆ ఇంట ఆగియున్న నాట్యము ఈ బాలికతో మరల మొదలయ్యెను. 1925లో, ఏడేండ్ల ప్రాయమున, కాంచీపురములో ఆమె తొలిసారి ఆడినది. అపుడు ధనమ్మాళ్ జీవించియే యుండెను. పదాభినయము నేర్పినవారిలో కూచిపూడినుండి చెన్నపురికి వచ్చిన వేదాంతము లక్ష్మీనారాయణశాస్త్రి ఒకడు. మువ్వకు కూతవేటు దూరమునుండి వచ్చిన గురువు, మువ్వగోపాలుని పదమునకు అభినయమును తమిళ దేశపు బాలికకు నేర్పుట! పదము తాను బయలుదేరిన ఊరి మనిషిని పొరుగున మరల కలిసికొన్నట్లయినది.

బాలసరస్వతి 1961లో టోకియోలోను, 1963లో ఎడింబరో ఉత్సవమునను ఆడినది. ఆమె సోదరులు విశ్వనాథన్, రంగనాథన్ వేణువును మృదంగమును వాయించుచు అమెరికాలో ఆ సంగీతమును బోధించిరి. విదేశములలో ఆమె పదమును అభినయించునపుడు తానును గొంతు కలిపి పాడుట కలదు. ఎదుటనున్నవారికి తెలుగు రాదు, తమిళమును రాదు. నాయిక ఒకసారి తల త్రిప్పి, ఒక మాటను సగము పాడి, మిగిలిన సగమును ఊపిరిలో విడుచును. అంతటి పెద్దసభయు ధనమ్మాళ్ ఇంటి శుక్రవారమువలె కిమ్మనక కూర్చుండెడిది.